దీవి చెప్పిన మాట: నేల అమ్మే ముందు పొరుగువాడిని అడగాలి

జపాను దేశపు దక్షిణపు కొసన, ఓకినావా ప్రాంతంలోని యాయెయామా దీవుల్లో తకెతోమి అనే చిన్న దీవి ఉంది. దాని వైశాల్యం ఐదు చదరపు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. జనాభా నాలుగు వందల లోపే. పక్కనున్న ఇషిగాకి దీవి నుండి పడవలో పది పదిహేను నిమిషాల్లో చేరుకోవచ్చు. తాగునీరు సైతం సముద్రగర్భంలో వేసిన గొట్టం ద్వారా ఆ దీవి నుండే రావాలి. ఇంత చిన్న నేల మీద 2012లో హోషినోయా తకెతోమిజిమా అనే ఖరీదైన విడిది తెరుచుకుంది. అక్కడ ఒక్క రాత్రి బసకయ్యే ఖర్చు మన ప్రాంతంలో ఎన్నో కుటుంబాల నెల ఖర్చును మించుతుంది.

సముద్రతీరపు విలాస విడిది అనగానే ఆకాశాన్నంటే అద్దాల మేడ మన కళ్ల ముందు మెదులుతుంది. ఇక్కడ అది కనిపించదు. ఉన్నవన్నీ 48 విడివిడి ఇళ్లు, ఒక్క అంతస్తువే. పైన ఎర్ర పెంకులు, చుట్టూ పగడపు రాళ్లు పేర్చి కట్టిన ప్రహరీలు, మధ్యలో తెల్లని ఇసుక దారులు. దీవిలోని పాత ఇళ్ల వలెనే ఇవి కూడా దక్షిణపు గాలి లోపలికి వచ్చేలా దక్షిణాభిముఖంగా ఉంటాయి. ప్రవేశద్వారం ఎదురుగా 'హింపున్' అనే చిన్న అడ్డుగోడ ఉంటుంది. దారిన పోయేవారి చూపు ఇంటి లోపలికి నేరుగా పడకుండా అది కాపాడుతుంది. మన ఇళ్ల వాకిట వేలాడే పర్దా చేసే పని కూడా అదే కదా!

ఈ దీవి కథను మేము పాఠకుల ముందుంచడానికి కారణం విహారం కాదు. డబ్బున్నవారు విడిది కట్టుకోవడం లోకంలో కొత్త కాదు. డబ్బుతో వచ్చినవారు సైతం ఒక చిన్న ఊరి పద్ధతికి తల వంచి ఇల్లు కట్టవలసి రావడమే ఇందులోని విశేషం. అది ఎలా సాధ్యమైంది?

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఓకినావా అమెరికా పాలనలో ఉండి, 1972 మే 15న తిరిగి జపానుకు దక్కింది. ఆ మార్పుకు ముందు సంవత్సరం, అంటే 1971లో, యాయెయామా దీవులను తీవ్రమైన కరువు, ఆ వెంటనే తుఫాను కుంగదీశాయి. పంట పోయింది, పశువులు పోయాయి. సరిగ్గా ఆ వేళలోనే జపాను ప్రధాన భూభాగం నుండి పర్యాటక వ్యాపారుల పెట్టుబడి దిగింది. ఆకలితో ఉన్నవాడి నేలకు వెల కట్టడం ఎప్పుడూ సులువే. తకెతోమిలోనూ ఎందరో తమ భూములు అమ్ముకున్నారు.

అప్పుడు దీవివాసుల్లో కొందరు మేలుకొన్నారు. నేల పోతే ఊరు పోతుందని ఇంటింటికీ తిరిగి చెప్పారు. ఆ మేలుకొలుపే ఏళ్ల తరబడి నలిగి, 1986లో ఊరంతా ఒప్పుకున్న ఒక కట్టుబాటుగా రూపొందింది. దాని సారం ఐదు మాటలు. దీవిని బయటివారికి అమ్మరాదు. మురికి చేయరాదు. దాని క్రమాన్ని చెడగొట్టరాదు. ఉన్నదానిని పాడుచేయరాదు. పెద్దల నుండి వచ్చిన సంస్కృతిని వాడుకలో ఉంచి బతికించాలి. మరుసటి సంవత్సరమే జపాను ప్రభుత్వం ఆ గ్రామాన్ని సంరక్షిత సంప్రదాయ నిర్మాణాల ప్రాంతంగా గుర్తించింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ కట్టుబాటుకు చట్టబలం లేదు. దాన్ని మీరినవాడిని జైలుకు పంపే అధికారం ఎవరికీ లేదు. ఊరు మాట మీద నిలబడటమే దానికున్న బలం. విడిది నిర్మాణం ప్రతిపాదనకు వచ్చినప్పుడు దీవిలో అందరిదీ ఒకే అభిప్రాయం కాదు. వ్యతిరేకత వచ్చింది, చర్చలు సాగాయి. చివరికి ఊరి సమ్మతితోనే, ఊరి ఇళ్ల తీరులోనే అది లేచింది. అందుకే అక్కడ మేడ లేదు. 2019 నుండి దీవికి వచ్చే అతిథులను స్వచ్ఛందంగా 300 యెన్‌లు ఇమ్మని కోరుతున్నారు. బయటివారి చేతుల్లోకి పోయిన భూమిని తిరిగి కొనడం ఆ సొమ్ము ఉద్దేశాల్లో ఒకటి.

ఇది చదువుతుంటే మాకు ఇస్లామీయ ధర్మశాస్త్రంలోని ఒక హక్కు గుర్తుకు వచ్చింది. దాని పేరు షుఫా. ఉమ్మడి ఆస్తిలో భాగస్వామి తన వాటాను అమ్మదలచినప్పుడు ముందుగా తోటి భాగస్వామికి తెలపాలని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆదేశించారు. కావాలంటే అతడు కొంటాడు, లేకుంటే వదులుకుంటాడు. అడగకుండా అమ్మితే అదే వెలకు తీసుకునే హక్కు అతనికి ఉంటుంది. షాఫయీ, మాలికీ, హంబలీ పండితులు దీనిని ఉమ్మడి భాగస్వామికే పరిమితం చేశారు. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మార్గం దీనిని ఆనుకుని ఉన్న పొరుగువాడి వరకూ విస్తరించింది.

సహీహ్ బుఖారీలో ఒక సంఘటన ఉంది. అబూ రాఫె (రజి) తన రెండు గదులను పొరుగున ఉన్న సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు అమ్మజూపారు. సఅద్ నాలుగు వేలకు మించి ఇవ్వలేనన్నారు, అదీ వాయిదాల్లో. బయటివారు అప్పటికే అబూ రాఫెకు ఐదు వందల దీనార్లు ఇస్తామన్నారు. ఆనాటి లెక్కలో అది సఅద్ ఇవ్వజూపిన వెల కంటే ఎక్కువ. అయినా పొరుగువాడికే ఎక్కువ హక్కు అన్న ప్రవక్త బోధను తలచుకొని ఆయన సఅద్‌కే ఇచ్చారు. తక్కువ వెల తీసుకోవడం ఆయన దృష్టిలో నష్టం కాలేదు.

ఇప్పుడు మన నేల వైపు చూద్దాం. పలమనేరును ఆనుకుని ఉన్న మన గంగవరానికి సముద్రం లేదు. తకెతోమికి వచ్చిన పరీక్ష మాత్రం మనకూ వచ్చింది. వాన తప్పిన ఏడు బోరు ఎండుతుంది. మదనపల్లె మార్కెట్టులో టమోటా ధర పడిపోయిన రోజు కోత కూలి కూడా రాదు. ఇంట్లో పెళ్లి, ఆసుపత్రి ఖర్చు తోడైతే చేతికందేది నేలే. అటు బెంగుళూరు, ఇటు చెన్నై. రెంటినీ కలిపే ఎక్స్‌ప్రెస్ వే కూడా పలమనేరు ప్రాంతం మీదుగానే సాగుతోంది. రహదారి వచ్చిన చోట భూమి బేరం మొదలవుతుంది. మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండ మీద, 19వ శతాబ్దంలో కడప కలెక్టరు హార్స్లీ వేసవి బస కట్టుకున్నాడు. నేడు ఆ కొండను అందరూ హార్స్లీ హిల్స్ అనే పిలుస్తున్నారు. బసకు వచ్చినవాడి పేరు నిలిచి, కొండ పాత పేరు వెనకబడింది.

అవసరానికి భూమి అమ్మడం పాపం కాదు. ధర్మబద్ధమైన క్రయవిక్రయాలను అల్లాహ్ అనుమతించాడు. అయితే ఎలా అమ్ముతున్నామన్నదానికి మనం జవాబు చెప్పుకోవలసి ఉంది. పొలాన్ని బేరానికి పెట్టే ముందు తోటి వాటాదారులను, గట్టు పక్కవాడిని అడుగుతున్నామా? తండ్రి పోయాక భూమిలో ఆడబిడ్డలకు అల్లాహ్ నిర్ణయించిన వాటా ముట్టిందా? లేక పుట్టింటి మీద ప్రేమ పేరు చెప్పి, రిజిస్ట్రారు ఆఫీసులో వారి చేత సంతకం పెట్టించుకుంటున్నామా? చెల్లెలి వాటాను కలిపి అమ్మిన సొమ్ముతో అన్న ఇంట్లో జరిగే విందు ఎంత ఘనమైనదైనా అందులో బర్కత్ ఉండదు.

షుఫాను అమలు చేయించే న్యాయస్థానం మనకు లేదనవచ్చు. నిజమే. మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1870లోనే, మద్రాసు హైకోర్టు ఈ హక్కును అమలుపరచ నిరాకరించింది. కాని తకెతోమి ప్రజల కట్టుబాటుకూ కోర్టు అండ లేదు. పరలోకపు లెక్కను నమ్మని ఎందరో ఒక మాట మీద నిలబడగలిగినప్పుడు, ఆ లెక్కను నమ్మే మనం ఎందుకు నిలబడలేము?

పూర్తిగా అమ్మనక్కరలేని దారులు కూడా ఉన్నాయి. కరువు ఏళ్లలో కౌలుకు ఇవ్వవచ్చు. అమ్మక తప్పనప్పుడు మొదట బంధువుకు, పొరుగువాడికి వాయిదాలు ఇచ్చి చూడవచ్చు. కలిగినవారు వడ్డీ లేని అప్పు ఇచ్చి ఒక రైతు పొలాన్ని కాపాడవచ్చు. హజ్రత్ ఉమర్ (రజి)కు ఖైబర్‌లో విలువైన భూమి దక్కినప్పుడు, మూలాన్ని అలాగే నిలిపి ఫలసాయాన్ని దానం చేయమని దైవప్రవక్త (స) సలహా ఇచ్చారు. ఆ భూమి అమ్మకానికి గాని, వారసత్వానికి గాని లోను కాలేదు. వక్ఫ్ సంప్రదాయానికి అదే ఆధారం. ఊళ్లో ఒక్క చింతతోపైనా, ఒక్క బావైనా ఆ విధంగా నిలిస్తే రాబోయే తరానికి అది నీడ అవుతుంది.

తకెతోమి ఇళ్లవారు ప్రతి ఉదయం తమ వాకిలి ముందున్న ఇసుక దారిని ఊడ్చుకుంటారు. ఆ దారి ఎవరి సొంతమూ కాదు, అందరి బాధ్యత. భూమి యజమాని అల్లాహ్ అని, మనం కేవలం అమానత్‌దారులమని నమ్మే ప్రతి కుటుంబం ఈ నెల ఒక పని చేయాలని మా మనవి. ఇంటి పట్టా కాగితాలు బయటికి తీసి, అందులో ఎవరెవరి వాటా ఉందో అక్కాచెల్లెళ్లను కూడా కూర్చోబెట్టుకుని లెక్క తేల్చుకోండి. కొనేవాడు గుమ్మం దాకా రాకముందే ఆ మాట ఇంట్లో తేలిపోవాలి.