అరగంటలో 600 సార్లు వంగే నడుము

నిమిషానికి 20 సార్లు చొప్పున అరగంట. జిమ్ములో రోయింగ్ మిషన్ ఎక్కినవాళ్లు మామూలుగా చేసేది ఇంతే. కానీ లెక్కేస్తే 600 సార్లు ముందుకు వంగడం, 600 సార్లు వెనక్కి లాగడం. ఆ వంగడం తుంటి దగ్గర జరుగుతోందా, నడుం దగ్గరా అన్నదాని మీదే అంతా ఉంది.

సంక్రాంతికి ఆత్రేయపురంలో పడవ పందేలు చూసినవాళ్లు మిషనూ అలాంటిదే అనుకుంటారు. కాదు. ఆ పందేల డ్రాగన్ పడవలో మనిషి ముందుకు చూస్తూ ఒకే పక్కన తెడ్డు వేస్తాడు, ఒళ్లు మెలితిరుగుతుంది. మిషన్ మీద మెలిక ఉండదు. పీట జారుతుంది, బలం కాళ్లది.

బలంగా లాగిన క్షణాన నడుము పూసల మీద పడే ఒత్తిడి శరీర బరువుకు సగటున 4.6 రెట్లని రోయర్ల మీద కొలిచి చెప్పారు. 70 కిలోల మనిషికి అది 320 కిలోల పైమాటే! నిటారుగా ఉన్న వెన్ను దాన్ని మోస్తుంది. గూనిగా వంగిన వెన్నులో పూసల మధ్య డిస్కుల మీద భారం ఇంకా పెరుగుతుంది.

కోటిపల్లి రేవు దగ్గర చిన్న నావలో తెడ్డు వేసే పెద్దాయన్ని ఓసారి చాలాసేపు చూశాను. పాదాలు పడవ బద్దకు తన్నిపట్టి, వీపు పలకలా ఉంచి, తుంటి దగ్గర మాత్రమే ముందుకు వాలుతున్నాడు. ముందు కాళ్లు తన్నాయి, తర్వాత ఒళ్లు వెనక్కి వచ్చింది, చివర్లో చేతులు. మిషన్ మీద నేర్చుకోవాల్సిన వరస కూడా అదే. తిరిగి ముందుకు వచ్చేటప్పుడు తలకిందులు: చేతులు, ఒళ్లు, ఆఖర్న మోకాళ్లు. వాలు కూడా గడియారంలో 11 నుంచి 1 దాకా చాలు. నిమిషానికి 20 అంటే ఒక్కోదానికి 3 సెకన్లు. అందులో లాగడానికి 1, తిరిగి రావడానికి 2 ఇవ్వండి. అందరూ తొందరపడేది తిరిగి రావడంలోనే, నడుం అక్కడే గూనవుతుంది.

కాన్సెప్ట్ 2 కంపెనీ రోయింగ్ మిషన్ పక్కన 1 నుంచి 10 దాకా మీట ఉంటుంది. మన కుర్రాళ్లు ఎక్కగానే 10కి తోస్తారు. దయచేసి 3 నుంచి 5 మధ్య ఉంచండి. అది మీ బలానికి కొలత కాదు, లాగుడు ఎంత బరువుగా తగలాలో చెప్పే మీట.

అమెరికా కాలేజీల్లో రోయింగ్ చేసిన 1,632 మంది మీద 2002లో వచ్చిన అధ్యయనంలో 526 మందికి, అంటే 32 శాతానికి, ఆ చదువు రోజుల్లోనే నడుంనొప్పి మొదలైంది. ఒకే విడతలో అరగంట దాటి మిషన్ చేయడానికీ ఆ నొప్పికీ సంబంధం కనిపించింది. అలసిన కండరం వెన్నును నిలబెట్టలేదు కదా. అందుకే 10 నిమిషాలు చేసి, లేచి నాలుగడుగులు నడిచి, మళ్లీ కూర్చోవడం మేలు. పొద్దున్నే లేచీ లేవగానే వద్దు. రాత్రి డిస్కులు నీరు పట్టి ఉబ్బి ఉంటాయి, ఓ గంట తిరిగాకే మిషన్ ఎక్కండి.

నొప్పి పిరుదు దాటి మోకాలి కిందికి దిగినా, కాలు తిమ్మిరెక్కినా వ్యాయామం ఆపి డాక్టరుకు చూపించండి. మూత్రం మీద పట్టు తప్పితే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.