తుంటి మార్పిడి: స్టిక్కరు చీటీ భద్రం

సోమందేపల్లి: తుంటి కీలు అరిగిందంటే ఈ పక్క వారికి బెంగుళూరు ప్రయాణం మామూలే. ఆపరేషను అయి ఇల్లు చేరాక కాగితాలు అటకెక్కుతాయి. లోపల అమర్చిన లోహం ఏ కంపెనీదని అడిగేవారు అరుదు. అడగవలసిన అవసరం ఎంతటిదో ‘ఏ.ఎస్.ఆర్.’ తుంటి వ్యవహారం చూపింది.

జాన్సన్ అండ్ జాన్సన్ వారి అనుబంధ సంస్థ డీప్యూ తయారుచేసిన ఈ తుంటిలో గుండూ లోహమే, గిన్నె కూడా లోహమే. రెండూ ఒరుసుకొని కోబాల్టు, క్రోమియం సన్నని రజనుగా రాలాయి. చుట్టూ ఉన్న కండను, ఎముకను చెరిచాయి, నెత్తురులోనూ కలిశాయి. 2010 ఆగస్టులో కంపెనీ ప్రపంచమంతటా సరుకును వెనక్కు పిలిచింది. అప్పటికే మన దేశంలో సుమారు 4,700 మందికి అమర్చారు.

దాన్ని తీసి మరొకటి పెట్టడం మొదటి ఆపరేషనంత తేలిక కాదు. ఎముక తరిగి, కండ పట్టు సడలి ఉంటుంది. కీలు జారడం, చీము పట్టడం వంటి ముప్పు ఎక్కువ. కండ బాగా చెడకముందే చేయించుకున్న వారు మెరుగ్గా కోలుకున్నారు. కొందరికి నొప్పి పోనే లేదు.

2018లో కేంద్రం నియమించిన కమిటీ నష్టపరిహారాన్ని 30 లక్షల నుంచి 1.23 కోట్ల రూపాయల దాకా లెక్కకట్టింది. కంపెనీ కోర్టుకెక్కింది. అది అలా ఉంచితే, వేలమంది రోగుల ఆచూకీయే దొరకలేదు! పరిహారం అడగాలన్నా లోపలున్నది ఆ సరుకేనని రుజువుండాలి.

ఇప్పుడు ఎక్కువగా వేసేది ప్లాస్టిక్ గిన్నె గనుక అందరూ బెదరనక్కరలేదు. పాత లోహపు తుంటి గలవారికి గజ్జలో నొప్పి, వాపు కనిపిస్తే ఎముకల డాక్టరు చేత ఎక్స్‌రే, నెత్తురులో కోబాల్టు పరీక్ష చేయించుకోవాలి. కొత్తగా వేయించుకునేవారు పేరు, నంబరు ఉన్న స్టిక్కరు నకలును డిశ్చార్జి నాడే అడిగి తీసుకొని, రేషను కార్డుతోపాటు దాచుకోవాలి.