ఇంట్లో ఈ-మెయిల్ సర్వర్

ఒక పాత కంప్యూటర్, లినక్స్, పోస్ట్‌ఫిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, సొంత డొమైన్ పేరు ఉంటే ఇంట్లోనే ఈ-మెయిల్ సర్వర్ పెట్టుకోవచ్చు. 1982లో జొనాథన్ పోస్టెల్ రాసిన ఎస్‌ఎంటీపీ నియమాలు పెద్ద సంస్థకూ చిన్న ఇంటికీ తేడా చూపవు. తేడా చూపేది ఇంటర్నెట్ కనెక్షన్.

ముందుగా ఉత్తరాలు అందుకోవడం చూద్దాం. కరెంటు పోయినా కంగారు లేదు. పంపిన సర్వర్ ఉత్తరాన్ని దాచి ఉంచి, సాధారణంగా నాలుగైదు రోజులపాటు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అయితే అది మన ఇంటి 25వ పోర్టును చేరగలగాలి. రౌటర్‌కు అందిన ఐపీ చిరునామా 100.64 మొదలు 100.127 వరకు ఉన్న శ్రేణిలో ఉంటే, ఒకే బయటి చిరునామాను అనేక ఇళ్లు పంచుకుంటున్నాయన్నమాట. అప్పుడు ఆ చిరునామా ద్వారా మన సర్వర్‌ను బయటివారెవరూ నేరుగా చేరలేరు. కంపెనీ ఇస్తే, అదనపు రుసుము కట్టి స్థిర చిరునామా తీసుకోవాలి.

అసలు చిక్కు పంపడంలోనే. వైరస్ సోకిన ఇంటి కంప్యూటర్లు, యజమానికి తెలియకుండానే, చెత్త ఉత్తరాలు కుమ్మరించడంతో అనేక కంపెనీలు బయటికి వెళ్లే 25వ పోర్టును మూసివేశాయి. తెరిచి ఉన్నా, స్పామ్‌హాస్ వంటి సంస్థల జాబితాల్లో ఇంటి కనెక్షన్ల చిరునామాలు చాలావరకు ముందే ఎక్కి ఉంటాయి. ఒక్క చెత్త ఉత్తరమైనా పంపకముందే మనం అనుమానితులం! పైగా చిరునామాను బట్టి పేరు చెప్పే రివర్స్ డీఎన్‌ఎస్ నమోదు కంపెనీ చేతిలో ఉంటుంది.

అందుకే అందుకునే పని ఇంట్లో ఉంచుకుని, పంపే పనిని 587వ పోర్టు ద్వారా ఒక రిలే సర్వర్‌కు అప్పగించడమే నా దృష్టిలో తెలివైన పద్ధతి. అప్పుడు మన డొమైన్ ఎస్‌పీఎఫ్ నమోదులో ఆ రిలేను చేర్చాలి. ఉత్తరంపై డీకేఐఎం అనే డిజిటల్ సంతకమూ ఉండాలి. వీటిలో కనీసం ఒకటి ఉండాలని జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి అందరికీ షరతు పెట్టింది. వచ్చిన ఉత్తరాలన్నీ మన డిస్కులోనే ఉంటాయి కనుక, వాటి నకలు మరో డిస్కుకు తీసుకునే బాధ్యతా మనదే.