ఇంటిల్లిపాది వినదగిన సాహసకథ

పన్నెండేండ్లు దాటిన పిల్లల చేతికి ఓడదొంగల కథ ఇయ్యవచ్చునా యని పెక్కుమంది తలిదండ్రులు సందేహింతురు. కత్తులు, తుపాకులు, హత్యలు గల పుస్తకము లేతమనసును చెఱచునేమో యని వారి భయము. ఆ భయమును మేము తేలికగా త్రోసివేయము. అయినను కథలో అపాయముండుట దోషము కాదు. ఆ అపాయమున కథానాయకుడు మెలగు తీరును బట్టియే దాని మంచిచెడ్డలు నిర్ణయింపవలెను. ఇందుకు రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ రచించిన 'ట్రెజర్ ఐలండ్' చక్కని నిదర్శనము. దీనినే నండూరి రామమోహనరావుగారు 'కాంచనద్వీపం' అను పేర తెనిగించిరి.

ఈ కథ పుట్టుకయే ఒక కుటుంబపు ముచ్చట. 1881వ సంవత్సరపు వేసవి చివర స్టీవెన్సన్ కుటుంబము స్కాట్లండులోని బ్రేమార్ గ్రామమున విడిసియుండెను. వానలు వెలికి కదలనీయకుండెను. భార్యకు తొలి వివాహమున కలిగిన పదుమూడేండ్ల లాయిడ్‌తో కూడి స్టీవెన్సన్ ఒక దీవి పటమును చిత్రించెను. ఆ పటమునుండియే కథ మొలకెత్తెను. దినమున కొక ప్రకరణము వ్రాసి, ఇంటివారికి చదివి వినిపించెడివాడు. దీపస్తంభముల ఇంజనీరైన వృద్ధజనకుడు థామస్ సైతము బాలునివలె ఉత్సహించి, చనిపోయిన నావికుని పెట్టెలో ఏయే వస్తువులుండవలెనో జాబితా వ్రాసియిచ్చెను. తాతకును మనుమనికిని సమముగా రుచించిన ఆ కథ 1883లో పుస్తకముగా వెలువడెను.

ఇందు నీతిబోధ యెక్కడను కనబడదు. నీతి మాత్రము కలదు. బాలుడైన జిమ్ దొంగలకు చిక్కును. డాక్టరు లివ్సీ కంచె దూకి తనతో పారిపోవ రమ్మనును. పారిపోనని మాట ఇచ్చియుంటినని జిమ్ నిరాకరించును. దొంగకిచ్చినను మాట మాటయే! ఇక ఒంటికాలి జాన్ సిల్వర్ తేనె పూసిన కత్తి. అతని మాటల చాతుర్యమునకు, గుండెదిటవునకు పాఠకుడును ముగ్ధుడగును. అంతలో అతని క్రూరత్వము చూచి ఉలికిపడును. మనసునకు నచ్చినవారందఱు నమ్మదగినవారు కారని పిల్లలు అపాయము లేకుండ నేర్చుకొనుటకు ఇంతకంటె మేలైన చోటేది? కడపట కొంత వెండి ఆ దీవిలోనే మిగిలిపోయినను, జిమ్ మరల అచటికి పోగోరడు. ఆ ధనమునకై ఎంత రక్తము చిందినదో అతడెఱుగును.

కావున పుస్తకమును పిల్లలకిచ్చి పెద్దలు తప్పుకొనరాదని మా మనవి. రాత్రి భోజనములైన పిదప ఒకరు పైకి చదువగా తక్కినవారు వినవలెను. సిల్వర్ మంచివాడా, చెడ్డవాడా యని పిల్లలడిగినచో చదువు కొంత ఆపి, వారి అభిప్రాయమునే ముందు వినవలెను. ఇందు 34 ప్రకరణములు కలవు. రాత్రికొకటి చొప్పున చదివినను నెలకు పైగా ఇంటిల్లిపాదికి కాలక్షేపము.