చక్రాల కుర్చీకి తగిన వంటగది

అమెరికాలో వంటగట్టు సాధారణముగా 36 అంగుళముల ఎత్తున ఉండును. నిలబడి తరుగువారికి అది చాలును. చక్రాల కుర్చీలో కూర్చున్న గృహిణికి అది ఎత్తగును. చేతులు పైకెత్తి తరుగవలెను, కత్తిపై బలము ఆనదు. కర్మాగారములలో చేతికదలికలను పరిశీలించిన ఇంజనీరు లిలియన్ గిల్‌బ్రెత్ (1878–1972) ఆ పద్ధతినే హృద్రోగులైన గృహిణుల వంటగదికి, అంగవైకల్యము గలవారి వంటగదికిని వర్తింపజేసిరి. 2010లో ఆ దేశము వెలువరించిన ప్రమాణముల ప్రకారము ఇట్టి గట్టు 34 అంగుళములు మించరాదు.

గట్టు దించినంతనే పని తీరదు. క్రింద అరలుండినచో మోకాళ్లు అడ్డుపడును. కుర్చీని ప్రక్కవాటుగా నిలిపి, నడుము మెలిపెట్టి వండవలసివచ్చును. కావున క్రింద 27 అంగుళముల ఎత్తు, 30 అంగుళముల వెడల్పు గల ఖాళీ విడువవలెను. కుర్చీ గుండ్రముగా తిరుగుటకు 5 అడుగుల వ్యాసము గల చోటు కావలెను.

అన్నిటికంటె అపాయకరమైనది తొట్టి క్రిందిభాగము. వెన్నుపాము దెబ్బతిన్నవారి కాళ్లకు స్పర్శ ఉండకపోవచ్చును. వేడినీటి గొట్టము తగిలి చర్మము కాలుచున్నను నొప్పి తెలియదు. బొబ్బ కంటబడిన తరువాతనే గ్రహింతురు. అందుచే గొట్టమునకు ఉష్ణమును ప్రసరింపనీయని తొడుగు వేయుదురు. ఉష్ణవాహకత్వము బోధించు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకుట కష్టము! పొయ్యి మరలు వెనుకనుండిన మంటపైగా చేయి చాపవలెను. అవి ముందంచుననే ఉండవలెను.

ఇంటిలో కొత్తగా గట్టు కట్టించునపుడు 34 అను అంకెనే పట్టుకొననక్కరలేదు. వండువారిని వారి కుర్చీలోనే కూర్చుండబెట్టి, నేలనుండి మోచేతి వరకు, మోకాలి వరకు టేపుతో కొలిచి, ఆ పిమ్మట తాపీపనివానిని పిలువవలెను.