కపోతహస్తమును వెదకుచు

కలకత్తాలో ఖిదిర్‌పూరు రేవుకును ఆలీపూరు తోటలకును నడుమ, ఇల్లు ఇంటినానుకొని నిలిచిన ఏక్‌బాల్‌పూరు పేటలో, సూర్యుడింకను మేడల వెనుకనుండగనే, ఒక డాబామీద వెదురుబద్దల గూటి తలుపు తెఱచుకొన్నది. అందుండి ఒకటి, రెండు, పిమ్మట గుంపుగా పావురములు వెలువడి, పిట్టగోడపై క్షణకాలము నిలిచి, వాటిని పెంచు పెద్దమనిషి ఈలవేసి గుడ్డ కట్టిన పొడుగు గడను ఆడించినంతనే, ఒక్కపెట్టున లేచి వీధిపైన వలయముగా తిరుగసాగినవి. వాటిని చూచుటకే నేను పక్క డాబాపై చాప పఱచుకొని కూర్చుంటిని. మాటలకంటె దేహమును నమ్ముకొన్న నటుడు తన విద్యను ఎక్కడ నేర్చుకొనునన్న ప్రశ్న చాలకాలముగా నన్ను వెంటాడుచున్నది. ఆ ప్రశ్నకు నాకు దొరికిన మొదటి సమాధానము ఈ డాబాపైననే దొరికినది.

గుంపునుండి విడివడి ఒక బూడిదవన్నె పావురము నాకు మూరెడు దూరములో గింజలకై దిగినది. నాటకము నేర్చుకొను పిల్లవానిని పావురమువలె నడువుమన్నచో, వాడు వెంటనే మెడను ముందునకు వెనుకకు ఊపును, చూచినవారును భేషందురు. కాని గడియసేపు కన్నార్పక చూచినవానికి తెలియునదేమనగా, పావురము తల ఊపదు. తలను ముందునకు చాచి, గాలిలో ఒకచోట మేకు కొట్టినట్లు నిలుపును. దేహము నడచివచ్చి ఆ తలను కలిసికొనును. కలిసికొన్న మఱుక్షణమే తల మరల ముందునకు సాగును. 1978లో బారీ ఫ్రాస్ట్ అను శాస్త్రజ్ఞుడు పావురమును ట్రెడ్‌మిల్ పట్టీపై నడిపించి చూచెను. చుట్టునున్న దృశ్యము కదలకుండుటచే, కాళ్లు నడచుచున్నను ఆ పక్షి తల ఊగలేదు. కనుక మనకు సొగసుగా తోచు ఆ మెడ కదలిక నిజమునకు కన్నుల అవసరము. లోకము చెదరక కనబడుటకై తల నిశ్చలతను కోరుకొనుచున్నది. ఈ సంగతి పట్టుకొన్న నటుడు మెడ జోలికి పోక చూపును నిలుపును, నడక దానంతట అదియే పుట్టును. ఆకారమును అనుకరించుట సులభము; ఆ ఆకారమునకు హేతువైన అక్కఱను కనిపెట్టుట దుర్లభము. ఆ దుర్లభమైనదానికొఱకే నటుడు అద్దముల గదిని విడిచి ఆరుబయటికి రావలసియున్నదని నా నమ్మకము.

నందికేశ్వరుని నాట్యగ్రంథమైన అభినయదర్పణమున, రెండు చేతులతో పట్టు సంయుతహస్తములలో కపోతహస్తమొకటి కలదు. అంజలి పట్టిన చేతులను మొదళ్లయందును అంచులయందును కొనలయందును మాత్రము తాకనిచ్చి, అరచేతుల నడుమ బోలు విడిచినచో అది కపోతమగును. గురువులతో సంభాషించునపుడును, వినయముతో ఒక మాటను అంగీకరించునపుడును దానిని వినియోగింపవలెనని శాస్త్రము. పావురమునకును వినయమునకును గల చుట్టరికమేమో నాకు చిరకాలము బోధపడలేదు. ఆ ఉదయమున పెద్దమనిషి ఒక తెల్లపావురమును రెండు చేతులతో ఎత్తి దాని కాలికి అంటిన దారపుపోగును విప్పుచుండగా దగ్గఱకుపోయి చూచితిని. పక్షి రొమ్ము ఉబ్బి, ఈకల లోపల శ్వాస త్వరత్వరగా ఆడుచున్నది. ఆయన చేతులు దానిని నలుపక, జారనీయక, సరిగా ఆ బోలునే నిలిపియున్నవి. కపోతహస్తము పక్షి ఆకృతి మాత్రమే గాక, పక్షిని పట్టిన చేతి ఆకృతియు గావచ్చునని నాకప్పుడు తోచినది. శాస్త్రకారుడు ఇట్లు చెప్పలేదు. ఇది కేవలము నా ఊహ. అయినను ఆనాటినుండి నర్తకి కపోతము పట్టినపుడెల్ల ఆ బోలులో ఒక ప్రాణమున్నదో లేదోయని చూచుట నాకు అలవాటైనది.

ఈ అభినయదర్పణము మనకు మిక్కిలి ఆత్మీయమైనది. తరువాతి కాలమున చీరాల పేరాల సత్యాగ్రహమును నడపిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆనంద కుమారస్వామితో గూడి దీనిని ఆంగ్లీకరింపగా 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయము ప్రచురించెను. 1934లో మనమోహన ఘోషు దీనిని పరిష్కరించి ఈ కలకత్తానుండియే వెలువరించెను. అందు చెప్పిన పది గతులలో, అనగా నడకలలో, హంస, మయూరము, మృగము, ఏనుగు, గుఱ్ఱము, సింహము, సర్పము, మండూకము అను ఎనిమిదింటి నడకలు ముందు వచ్చును. వీరుని నడక వాటి పిమ్మట. మానవుని నడక చిట్టచివర. ఈ వరుసను నేను యాదృచ్ఛికమనుకొనజాలను. పారిస్ నగరమున 1956లో నటనా పాఠశాల తెఱచిన జాక్ లెకాక్ సైతము, శిష్యులు నీటిని, నిప్పును, గాలిని, మంటిని, జంతువులను తమ దేహమున నింపుకొనవలెననెను. మన జాయపసేనాని మాటయేమి? కాకతి గణపతిదేవుని గజసైన్యాధిపతి 1253-54లో నృత్తరత్నావళిని రచించెను. దినమెల్ల ఏనుగుల అడుగులను కనిపెట్టుకొని యుండిన కన్ను నర్తకి అడుగులను ఎట్లు చూచెనోయని తలచినపుడెల్ల నాకు పరమానందమగును.

ఏక్‌బాల్‌పూరునుండి నడచిపోదగినంత దూరములోనే 1876లో తెఱచిన ఆలీపూరు జంతుప్రదర్శనశాల యున్నది. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. బోనులోని పులి ఒకే బాటను పదేపదే తిరుగుచుండును. అది పులి స్వభావము గాదు, బంధనమువలన పుట్టిన బాధ. దానిని చూచి పులినడక నేర్చితిననుకొన్నవాడు ఖైదీ నడకను నేర్చినవాడగును. చూడవలసినది అది ఏమఱి లేచి నాలుగడుగులు వేసిన ఆ కొంచెముసేపు: ముందుకాలు విడిచిన చోటనే వెనుకకాలు పడును, భుజాస్థులు మాత్రము చర్మము క్రింద ఒకటి విడిచి ఒకటి పైకి లేచుచుండును, తల మట్టము తప్పదు. దసరానాడు డప్పుల నడుమ మన పులివేషగాండ్రు ఆడునపుడు, వారిలో ఆఱితేఱినవాని భుజములను చూడుడు. వాడు పులిని ఎక్కడనో చూచియుండెననియే నమ్మెదరు. ఆ తోటలోనే అద్వైతుడను మహాకూర్మమొకటి 2006 మార్చివఱకు జీవించియుండెను. దాని వయస్సు రెండువందల యేబది యేండ్లందురు. మెడ చాచుటకు అది తీసికొను కాలములో మనుష్యుడు ఒక సంభాషణము ముగించును.

ఈ నగరమునకు ఇట్టి చూపు క్రొత్తది గాదు. రాజ్యము పోగొట్టుకొని 1856లో మటియాబురుజు చేరిన వాజిద్ అలీ షా, మృగములను పక్షులను పోగుచేసి, వాటి సమీపముననే కథక్ నృత్యమును పోషించెను. నెమలి నడకను చూపు నెమలి గత్తు ఆ నృత్యమున నేటికిని నిలిచియున్నది. మూకాభినయమున ప్రసిద్ధికెక్కిన జోగేశ్ దత్తా యౌవనమున ఢాకూరియా సరస్సు గట్టున కూర్చుండి, దూరమున ముచ్చటించుకొను జంటలను, మాట వినబడకుండ చేతులు మాత్రము కనబడునట్లు, గమనించెడివాడని చెప్పుకొందురు. ఉదయశంకరుని ఆల్మోరా నృత్యకేంద్రమున పాఠము చెప్పిన శాంతిబర్ధన్, క్షయతో బాధపడుచు పక్షులనే చూచుచు కాలము గడపెననియు, ఆ చూపే పంచతంత్ర నృత్యరూపకముగా పరిణమించెననియు అందురు. ఆయన 1954లో మరణించెను. రూపకమును ఆయన బృందము రంగమునకెక్కించెను. చిన్నయసూరి మిత్రలాభమున వలతోసహా ఎగిరిపోయిన చిత్రగ్రీవుని గుంపును బాల్యముననే చదివికొన్న తెలుగువానికి, రోగశయ్యనుండి పక్షుల ఱెక్కలను చూచిన ఆ మనుష్యుని తలచుకొన్నప్పుడు గుండె బరువెక్కకుండునా?

సాయంకాలమునకు మరల డాబా చేరితిని. ఒక గద్ద, చీలిన తోకను చుక్కానివలె మెలిపెట్టుచు, రేవు వైపునకు సాగిపోయినది. అది కనుమఱుగగువఱకు పావురములు దిగలేదు. దిగునపుడు ఒక్కొక్కటి తోక విప్పి, ఱెక్కలను వెనుకకు కొట్టి, కాళ్లు ముందునకు చాచి, పిట్టగోడను తాకిన పిమ్మట ఒక్క క్షణము బరువును ఇంకను గాలిలోనే ఉంచుకొన్నట్లుండెను. ఎవ్వరును చూచుటలేదని నేను లేచి, ఎదుటి మేడపై ఆఱవేసిన నీలిచొక్కా బొత్తాముపై చూపు నిలిపి, తలను అచ్చటనే ఉంచి దేహమును దాని వద్దకు నడిపింప యత్నించితిని. మూడడుగులు నడిచితిని. నాలుగవదానికి గాలి వీచి చొక్కా కదలినది, చూపు చెదరినది. పెద్దమనిషి గూటి తలుపు మూయుచు పావురములను లెక్కించుకొనుచుండెను. నేను మరల మొదటి అడుగునకు వచ్చి నిలిచితిని.