అలంశబ్దార్థ విచారము – అశ్వాలంకారౌచిత్యము

అమరకోశ తృతీయకాండమున నానార్థవర్గమునందు ‘అలమ్’ అను అవ్యయమునకు నాలుగర్థములు చెప్పబడినవి. అవి భూషణము, పర్యాప్తి, శక్తి, వారణము. విద్యార్థులు ఈ నాలుగింటిని బాల్యముననే కంఠస్థము చేయుదురు. అయినను అలంకారశాస్త్ర పాఠమునకు వచ్చునప్పటికి మొదటి అర్థమొక్కటియే మిగిలి, తక్కిన మూడును మరుగునపడుచున్నవి. అలంకారమనగా సొమ్ము పెట్టుట యనియే బుద్ధియందు స్థిరపడును. ‘చాలినంత’, ‘సమర్థము’, ‘ఇక చాలును’ అను భావములు ఆ పదముననే యున్నవని స్ఫురింపదు. ఈ విస్మృతి యెంత దోషమునకు దారితీయునో తెలియుటకు కావ్యముకంటె సులభమైన ఉదాహరణ మొకటి కలదు. అది పదుగురు చూచుటకై అలంకరించి నడిపింపబడు గుఱ్ఱము. అలంకారము మితిమీరినచో కావ్యము మొఱపెట్టుకొనదు. గుఱ్ఱము మాత్రము తల విదల్చును, దాని అడుగు తడబడును, వెన్ను పుండగును.

పాణిని ప్రథమాధ్యాయ చతుర్థపాదమున భూషణార్థమందు మాత్రమే అలంశబ్దమునకు గతిసంజ్ఞను విధించెను. కావుననే ‘అలంకృత్య’ యనుచోట సమాసమును ల్యప్పును సిద్ధించుచున్నవి. కాశికావృత్తి ప్రత్యుదాహరణమున చాలినంత అన్నము భుజించి వెడలినవానిని చూపినది. అచ్చట అర్థము పర్యాప్తి కావున గతిసంజ్ఞ లేదు. ద్వితీయాధ్యాయ తృతీయపాదమున సామర్థ్యార్థకమగు అలంశబ్దముతోడి యోగమున చతుర్థి విధింపబడినది. తృతీయాధ్యాయ చతుర్థపాదమున ప్రతిషేధార్థమందు క్త్వాప్రత్యయము చెప్పబడినది. శాస్త్రము కార్యభేదముకొఱకు అర్థములను వేఱుపఱచినది. గుఱ్ఱమును అలంకరించువాడు వానిని మరల నొక్కచోట చేర్చుకొనవలెను.

గుఱ్ఱపు ప్రదర్శనము మన సంప్రదాయమునకు క్రొత్తది కాదు. పశ్చిమ చాళుక్యప్రభువగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున, రాజవినోదములలో గజవాహ్యాళియు తురగవాహ్యాళియు వేర్వేఱుగ వర్ణింపబడినవి. వాహ్యాళి యనగా వాహనములను నడపి చూపుటకు సిద్ధపఱచిన భూమి. తెలుగున ‘వాహ్యాళి’, ‘వయ్యాళి’ యను మాటలు స్వారికిని విహారమునకును పేరులై నిలిచినవి. ఆ భూమియందు చూడదగినది గుఱ్ఱముయొక్క గతి. అమరసింహుడు దానిని ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని ఐదువిధములుగ చెప్పెను. గతితోపాటు మెడవంపు, చెవుల నిలుకడ, కళ్లెమునకు లోబడు వినయము అచ్చట పరీక్షింపబడును. వీనిని మఱుగుపఱచునది యెంత వెలగలదైనను అశ్వమునకు అలంకారము కానేరదు.

భూషణార్థమునకు కాళిదాసునికంటె మేలైన సాక్షి లేడు. శాకుంతల ప్రథమాంకమున సారథి రథాశ్వముల వేగమును వర్ణించుచు, వాని చామరముల కొనలు కదలకున్నవనియు చెవులు నిక్కియున్నవనియు చెప్పును. విక్రమోర్వశీయ ప్రథమాంకమునను గుఱ్ఱపు తలపై చామరము చిత్రమునందు వ్రాసినట్లు నిశ్చలమైనదని కలదు. రెండుచోట్లను చామరము మిక్కిలి మెఱసినదని కవి చెప్పలేదు, కదలకున్నదని చెప్పెను. చామరముయొక్క నిశ్చలత్వమువలన గుఱ్ఱపు వేగము తెలియుచున్నది. తన్ను చూడుమని పిలువక, తాను ధరింపబడినదానిని చూపునదియే భూషణమని ఇందువలన తేలుచున్నది.

రెండవ అర్థము పర్యాప్తి. అశ్వమేధాశ్వమునకు రాజపత్నులు అభ్యంజనము చేసి వెండ్రుకలయందు మణులను గ్రుచ్చుట శతపథబ్రాహ్మణ త్రయోదశకాండమున విధింపబడినది. ఒక్కొక్కరు నూటయొక్క మణులను గ్రుచ్చవలెను. ఇది బాహుళ్యమువలె కనబడును. కాని శ్రుతి దానికి చూపిన హేతువు శోభ కాదు. తడిసినప్పుడు రాలు రోమములు హవిస్సునందలి భాగమువలె నష్టము కాకుండుటకై ఆ మణులచే వానిని నిలుపుచున్నారు. సంఖ్య నియతము, ప్రయోజనము నియతము, దానిని మించి మణి లేదు. నేడును జూలును అల్లువారు ఈ న్యాయమునే అనుసరింపవలెను. అల్లిక జూలును కుదురుపఱచి మెడ రేఖను చూపవలెను. పూసలు, తళుకులు, పలురంగుల నాడలు చేరినచో చూపు మెడను విడిచి వానిపై నిలుచును.

మూడవ అర్థము శక్తి. కౌటిల్యుడు అర్థశాస్త్ర ద్వితీయాధికరణమునందలి అశ్వాధ్యక్ష ప్రకరణమున, గుఱ్ఱములను కట్టు ఉపకరణములను శిక్షణాచార్యులును, యుద్ధోచితమగు రథాశ్వాలంకారమును సూతులును నిర్దేశింపవలెనని చెప్పెను. ఈ విధి గమనింపదగినది. అలంకారనిర్ణయము స్వర్ణకారునకు గాని ధనికుడగు యజమానునకు గాని విడువబడలేదు. గుఱ్ఱమును నడపువానికి అప్పగింపబడినది. ఏ పట్టె యెచ్చట ఒరయునో, ఏ బరువు ఏ గతిని చెఱచునో వానికే తెలియును. బాణుని కాదంబరిలో ఇంద్రాయుధమను అశ్వమును ఇరువురు పురుషులు ఇరుప్రక్కల కళ్లెపు బంగరు కడియములను పట్టి లాగుచు తెచ్చుదురు. అచ్చట కవి బంగారమును గుఱ్ఱపు బలము నిలుపబడుచోట చూపెను. ఆ కడియము సొమ్మును అగును, సాధనమును అగును.

నాలుగవది వారణము. నొసటి కుచ్చు ఈగలను వారించును. మెడకు కట్టిన నల్లత్రాడు దృష్టిదోషమును వారించునని జనుల విశ్వాసము. వీనికంటె ముఖ్యమైన వారణము అలంకరించువాడు తన చేతిని తాను వారించుకొనుట. అశ్వశాస్త్రములు శరీరమందలి సుడులకు మిక్కిలి ప్రాధాన్యము నిచ్చినవి. తెలుగున మనుమంచిభట్టు రచించిన హయలక్షణవిలాసము పేరుననే లక్షణము ప్రధానమై యున్నది. గుఱ్ఱపు కంఠమునందలి శుభమగు సుడికి ‘దేవమణి’ యని పేరు. శాస్త్రకారులు మణియను పేరును పుట్టుకతో వచ్చిన చిహ్నమునకే పెట్టిరి. ఆ దేవమణిపై గాజుపూసల పేరును వ్రేలాడదీయుట మణిచే మణిని కప్పుటయే. కప్పుటయందు వంచన కూడ కలుగవచ్చును. వెడల్పైన వస్త్రము క్రింద వెన్నుపుండు దాగును. కాలి కట్టుల క్రింద వాపు దాగును. కొనువాడు మోసపోవును, మూగజీవము బాధపడును.

ఇచ్చట పూర్వపక్ష మొకటి కలదు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ మహానవమి ఉత్సవమునందలి గుఱ్ఱములకు వెండిబంగరు ముఖాలంకారములు, పలువన్నెల పట్టుకుచ్చులు ఉన్నట్లు వ్రాసెను. తిరుమల బ్రహ్మోత్సవములలో ఎనిమిదవనాటి రాత్రి అశ్వవాహనము సర్వాలంకారశోభితమై యుండును. అట్లయిన మితమేల యని శంక. సమాధాన మిది. విజయనగరోత్సవమున ప్రదర్శింపబడినది రాజ్యవైభవము. గుఱ్ఱముల గుణదోష పరీక్ష కాదు. ఆ సమూహమునందును రెండు ఛత్రములతో అధికాలంకారము పొందినది అగ్రాశ్వ మొక్కటియే. తిరుమల వాహనము శిల్పనిర్మితము. దానికి చెమటయు లేదు, నొప్పియు లేదు. అచ్చటి అలంకారము స్వామి వైభవమునకు సంబంధించినది. ప్రయోజనము వేఱగుటచే మితియు వేఱగును. కావున విరోధము లేదు.

ఈ ప్రయోజనభేద న్యాయమే ఆంగ్లదేశపు అశ్వప్రదర్శనములయందును కనబడుచున్నది. అచ్చట వేటగుఱ్ఱముల తరగతిలో నొసటిపట్టెయు ముక్కుపట్టెయు సాదాతోలుతోనే యుండవలెననుట ఆచారము. సుకుమారగమనముగల ‘హాక్’ తరగతి గుఱ్ఱములకు సన్నని తోలుపట్టెలును రంగుపట్టు చుట్టిన నొసటిపట్టెయు తగును. కొండజాతుల పొట్టిగుఱ్ఱములను జూలు అల్లకయే సహజరూపమున చూపుదురు. మన దేశమునందలి మార్వారీ, కాఠియావాడీ జాతులకు లోనికి వంగి కొనలు కలిసికొను చెవులే ముఖ్యలక్షణము. వానికి చెవులను కప్పు తురాయి కట్టుట జాతిలక్షణమునే దాచుట యగును.

దీనివలన ఉపకరణములను ఎన్నుకొనుక్రమము ఏర్పడుచున్నది. మొదట కళ్లెము, పగ్గములు, జీను సరిపోవలెను. పిదపనే శోభ విచారింపదగినది. ముక్కుపట్టెకును ముక్కుటెముకకును నడుమ రెండువ్రేళ్లు దూరునంత ఎడముండవలెను. నొసటిపట్టె చెవుల మొదళ్లను ఒరయరాదు. తోలు శుభ్రమై, నూనె పట్టించి మెత్తనై యున్నచో అదియే మొదటి కాంతి. రంగు చేర్చదలచినచో ఒక్కటి, గుఱ్ఱపు వన్నెకు ఒదుగునది చాలును. గజ్జెలును కుచ్చులును అలవాటులేని గుఱ్ఱమును బెదరించును. కావున ప్రదర్శనదినమున క్రొత్తదానిని కట్టరాదు. ముందుగా ఇంటియొద్ద కట్టి, నడిపించి చూడవలెను. తుదకు ఒక్కొక్కదానిని తీసి చూచినప్పుడు గుఱ్ఱమునకు లోపమేమియు కలుగనిచో ఆ వస్తువు అనావశ్యకము.

11వ శతాబ్దమున కాశ్మీరకవి క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చయందు, మొలనూలును కంఠమున ధరించువానిని దృష్టాంతముగ చూపి, స్థానము తప్పిన సొమ్ము నవ్వులపాలు చేయునని నిరూపించెను. మానవుడు ఆ నవ్వును గ్రహించి సొమ్మును తీసివేయగలడు. గుఱ్ఱమునకు ఆ స్వాతంత్ర్యము లేదు. దానిపక్షమున ‘అలమ్’ అని పలుకవలసినవాడు అలంకరించువాడే. అలంకార ప్రకరణమును బోధించు అధ్యాపకులు ఉపమారూపకములకు ముందు ఈ అవ్యయముయొక్క నాలుగర్థములను ఒక్కసారి జ్ఞప్తిచేసినచో, విద్యార్థులకు శాస్త్రమునందలి మితియు లోకమునందలి దయయు ఏకకాలమున బోధపడును.